ట్రేసింగ్ కాగితం మీద తెలుగు పుస్తకం

1990ల చివర్లో విజయవాడలో చిన్న ప్రచురణ సంస్థ నడపాలంటే కావలసిన సరంజామా చాలా తక్కువ. ఓ గది, ఓ బల్ల, అచ్చు కొలతలైన పాయింట్లూ పైకాలూ ఉన్న స్టీలు స్కేలు, ఎర్ర సిరా పెన్నులు, పేజీల వరస చూసుకోవడానికి మడతపెట్టిన డమ్మీ కాగితాలు, పేపరు షాపులో ఖాతా, బైండరు దగ్గర మంచిపేరు. సొంత ప్రెస్సు అక్కర్లేదు. కంప్యూటరు కూడా ఉండి తీరాలని లేదు. కంపోజింగ్ ఒకచోట, పేజీలను వరసలో అతికించే పేస్టింగ్ ఇంకోచోట, అచ్చుకి కావలసిన లోహపు ప్లేటు మరోచోట, అచ్చు వేరేచోట, బైండింగ్ పక్క సందులో. గవర్నర్‌పేట, అరండల్‌పేట, ఏలూరు రోడ్డు చుట్టూ సైకిలు మీద తిరిగేవాళ్లకు పుస్తకం మొత్తం ఆ వీధుల్లోనే తయారయ్యేది.

అలా చేతులు మారడంలో ఆలస్యముంది, ఖర్చుంది. కానీ మారిన ప్రతిచోటా ఇంకో జత కళ్లు ఆ పేజీని చూసేవి. పేస్టింగ్ చేసేవాడికి పేజీ నెంబరు తప్పితే తెలిసేది, ప్లేటు తీసేవాడికి అక్షరం పలచబడితే తెలిసేది, బైండరుకి ఫారం, అంటే ఒకే షీటు మడిస్తే వచ్చే పేజీల కట్ట, తిరగబడితే తెలిసేది. ఇప్పుడు పీడీఎఫ్ ఒక్క నొక్కుతో ప్లేటు మిషన్‌లోకి వెళ్లిపోతోంది. ఆ చూపుల్ని ప్రచురణకర్త ఒక్కడే తన బల్ల దగ్గర తిరిగి తెచ్చుకోవాలి. ఆ పనులు చేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే ఎలా చేసేవారో రాసిపెట్టుకోవడం అవసరమనిపిస్తోంది.

అంతకు ముందుది సీసపు అక్షరాల కాలం. తెలుగు కంపోజింగ్‌కి అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందలకొద్దీ గళ్లు ఉండేవి. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన ఆ టైపు ఏ చిన్న ప్రెస్సులోనూ పుస్తకం మొత్తానికి సరిపడా ఉండేది కాదు. ఒక ఫారం అచ్చయ్యాక అక్షరాలు విప్పి మళ్లీ గళ్లలో వేసుకుంటే తప్ప తర్వాతి ఫారం కంపోజు అయ్యేది కాదు. దిద్దడానికి ఇచ్చిన ప్రూఫుని రచయిత రెండు రోజులు తన దగ్గరే ఉంచుకుంటే ప్రెస్సులో టైపు అంతా కదలకుండా పడి ఉండేది. అందుకే ఆనాటి ప్రచురణకర్తలు పేజీల్లో కాక ఫారాల్లో ఆలోచించేవారు. సీసం పోయినా ఆ లెక్క పోలేదు. ప్లేటుతో అచ్చువేసే ఆఫ్‌సెట్‌కీ అదే ప్రాణం.

లెక్క ఇదీ. డబుల్ డెమ్మీ కాగితం 23 అంగుళాలు, 36 అంగుళాలు. దాన్ని సగానికి కోస్తే 18, 23 అంగుళాల డెమ్మీ షీటు. దాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు. అదే ఒక ఫారం. మడత పేజీ 5.75, 9 అంగుళాలు ఉంటుంది. మూడు వైపులా కటింగ్ పోగా చేతికొచ్చేది 5.5, 8.5 అంగుళాల పుస్తకం. డెమ్మీ 1/8 అని పిలిచేది దీన్నే. క్రౌను అయితే 15, 20 అంగుళాల షీటు, కటింగ్ అయ్యాక 4.75, 7.25 అంగుళాలు. అద్దె పుస్తకాల షాపుల కాలంలో నవలలు ఎక్కువగా ఈ క్రౌను సైజులోనే వచ్చేవి. చేతిలో ఒదిగేవి, కాగితం కలిసొచ్చేది.

160 పేజీల డెమ్మీ పుస్తకం వెయ్యి ప్రతులంటే పది ఫారాలు, పది వేల డెమ్మీ షీట్లు, అంటే అయిదు వేల డబుల్ డెమ్మీ షీట్లు. 500 షీట్లకు ఒక రీము చొప్పున పది రీములు. వేస్టేజికి నూటికి అయిదు కలిపితే పదిన్నర. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితమైతే రీము బరువు సుమారు 18.6 కిలోలు, కాబట్టి మొత్తం 195 కిలోలు. 60 జీఎస్ఎం అయితే రీము 16 కిలోలే. పేపరు షాపులో ధర కిలోల్లో చెబుతారు, ప్రెస్సులో రీముల్లో అడుగుతారు. ఈ రెంటి మధ్య లెక్క రాని ప్రచురణకర్త మొదటి పుస్తకానికే నష్టపోతాడు. వేస్టేజి విషయంలో మొహమాటపడి తక్కువ ఇస్తే ఇంకో చిక్కు. ఏదో ఒక ఫారం 960 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మిగతా తొమ్మిది ఫారాలు వెయ్యేసి ఉన్నా పుస్తకాలు 960కి మించి రావు.

కాగితం కొనేటప్పుడు రాజమండ్రి మిల్లుదా, కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లుదా అని అడిగి మరీ తీసుకునేవారు. ఒకే పుస్తకానికి రెండు మిల్లుల కాగితం కలిస్తే పుస్తకం మూసి అంచు చూడగానే తెలిసిపోయేది. ఒక ఫారం పాలతెలుపు, ఇంకోటి పసుపు. అందుకే మొత్తం కాగితం ఒకేసారి, ఒకే లాటులోంచి తీసుకోవాలి. కాగితం నార ఎటు నడుస్తోందో కూడా చూడాలి. నార వెన్నుకి సమాంతరంగా ఉంటే పుస్తకం మెత్తగా తెరుచుకుంటుంది. అడ్డంగా ఉంటే ఆకులు బిరుసుగా లేచి నిలబడతాయి, వానాకాలంలో అలలు తిరుగుతాయి. ఓ చిన్న ముక్క చింపి చూస్తే చాలు. నార వెంట తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా వంకరపోతుంది.

మేటరు చేతికి రాగానే మొదటి పని చదవడం కాదు, కొలవడం. డెమ్మీ 1/8లో అక్షరాలుండే భాగం 24 పైకాల వెడల్పు, 42 పైకాల పొడవు, అంటే 4, 7 అంగుళాలు (అంగుళానికి 6 పైకాలు, 72 పాయింట్లు). 13 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల లైను ఎడం ఇస్తే 31 లైన్లు పడతాయి. పై లైను పుస్తకం పేరుకీ పేజీ నెంబరుకీ పోతే మిగిలేవి 30. లైనుకి సగటున ఏడు తెలుగు మాటలు. పేజీకి 210. రచయిత రాతప్రతిలో నాలుగైదు చోట్ల మాటలు లెక్కపెట్టి, మొత్తం 33,000 ఉంటాయని తేలితే 157 పేజీలు. ముందు పేజీలు ఎనిమిది కలిపితే 165. పది ఫారాలకు అయిదు పేజీలు ఎక్కువ. పదిన్నర ఫారాలకు వెళితే 168, అందులో మూడు ఖాళీ. ఇక్కడే చెయ్యి తిరిగినవాళ్లు లైను ఎడాన్ని 16 నుంచి 15.5కి తగ్గించేవారు. పేజీకి ఒక లైను అదనంగా పడుతుంది, 157 పేజీలు 152 అవుతాయి. ముందు పేజీలతో కలిపి సరిగ్గా 160. అర ఫారం కాగితం, ప్లేటు, అచ్చుకూలి మిగిలినట్టే.

అంతకంటే తగ్గించాలని మాత్రం చూడకూడదు. తెలుగు లైనుకి పైన గుళ్లు, ఏత్వాలు ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు. 13 పాయింట్ల అక్షరానికి 15 ఎడమిస్తే ఆ కింది ఒత్తు తర్వాతి లైను గుడికి తగిలి రెండూ కలిసిపోతాయి. ఇంగ్లీషు పుస్తకం కొలతలు చూసి తెలుగు పేజీ కట్టేవాళ్లు ఇప్పటికీ చేసే తప్పు ఇదే. చదివేవాడికి కళ్లు లాగుతుంటాయి, ఎందుకో తెలియదు.

అప్పట్లో కంపోజింగ్ అంటే కంప్యూటరులో పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు. ప్రియాంక, పల్లవి, అనుపమ అన్న పేర్లు వింటే ఆ తరం డీటీపీ ఆపరేటర్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. చాలామంది యాపిల్ కీబోర్డు పద్ధతిలో కొట్టేవారు. ఎంత వేగమంటే రచయిత చేతిరాత అర్థం కాకపోవడం ఒక్కటే వాళ్లని ఆపేది. శ్రీలిపి అన్న ఇంకో తెలుగు సాఫ్ట్‌వేర్ వాడే సెంటర్లూ ఉండేవి. ఒక సెంటర్లో కొట్టించిన మేటరు ఇంకో సెంటర్లో తెరుచుకోకపోవడం మామూలు. ఫ్లాపీలో ఫైలుతోపాటు ఏ ఫాంటు, ఏ వెర్షన్ అన్నది లేబుల్ మీద రాసిపెట్టుకున్నవాళ్లు బాగుపడ్డారు.

ఆ ఫాంట్ల లోగుట్టు తెలియకపోతే ఆ కాలపు తప్పులు అర్థం కావు. కంప్యూటరు దృష్టిలో అవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చారు. అక్షరం ఒక ముక్క, తలకట్టో గుడో ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. అందువల్ల పేజ్‌మేకర్‌లో హైఫనేషన్ (లైను చివర మాటను దానంతటదే విరిచే సదుపాయం) ఆన్ అయి ఉంటే లైను చివర అక్షరం ఒకచోట, దాని ఒత్తు తర్వాతి లైను మొదట్లో పడేది. కోట్ గుర్తుల్ని వంకీలుగా మార్చే సదుపాయం ఆన్‌లో ఉంటే ఎక్కడో ఒక తెలుగు ముక్క మరో ముక్కయిపోయేది. కాబట్టి ఫైలు తెరవగానే ముందు ఈ రెండూ ఆపేయాలి. వెతికి మార్చడంలోనూ ప్రమాదమే. ఒక ముక్కని మార్చమంటే అది భాగంగా ఉన్న వేరే అక్షరాలు కూడా మారిపోతాయి. అన్నిటినీ ఒకేసారి మార్చమని ఎప్పుడూ చెప్పకూడదు. ఒక్కొక్కటే చూసి మార్చాలి.

హైఫనేషన్ ఆపితే ఇంకో సమస్య. తెలుగు మాటలు పొడుగు. 'చేయించుకోవలసివచ్చినప్పటికీ' లాంటి మాట లైను చివర పట్టకపోతే మొత్తం కిందికి దిగుతుంది. పై లైనులో మిగిలిన నాలుగు మాటలూ దూరదూరంగా జరిగి మధ్యలో తెల్లని సందులు పడతాయి. మంచి ఆపరేటర్లు పేజీ కట్టాక ప్రతి పేజీనీ కళ్లు సగం మూసి చూసేవారు. అక్షరాలు కనిపించవు, తెల్లని సందులు మాత్రమే కనిపిస్తాయి. అలాంటి లైన్లలో మాటను అక్షరం దగ్గర చేత్తో విరిచి గీత పెట్టేవారు. తర్వాత పై లైనులో దిద్దుబాటు వస్తే ఆ గీత లైను మధ్యలోకి వచ్చి కూర్చునేది. పాత తెలుగు పుస్తకాల్లో మాట నడుమ అకారణంగా గీత కనిపించేది ఇందుకే.

ప్రూఫు దగ్గర నిదానించాలి, పుస్తకం గౌరవమంతా ఇక్కడే ఉంది. మొదటి ప్రూఫు ఇద్దరు చూడాలి. ఒకరు రాతప్రతిని పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి నడవాలి. ఇది దిద్దుబాటు కోసం కాదు, పోయిన మేటరు కోసం. వరసగా రెండు లైన్లు ఒకే మాటతో మొదలైతే కంపోజు చేసేవారి కన్ను ఒక లైను దాటేస్తుంది. అర్థం ఎలాగో అతుక్కుంటుంది కాబట్టి ఒక్కరే చదివితే దొరకదు. పైకి చదివితేనే దొరుకుతుంది. దీర్ఘాలు పోయినా చెవికి తెలుస్తుంది. ధకారమో థకారమో మాత్రం చెవికి తెలియదు, మనలో చాలామంది రెండూ ఒకేలా పలుకుతాం. ద, ధ, థ, బ, భ, ఖ, ఘ, డ, ఢ, వ, ప, ఫ, మ, య, బు, ఋ. వీటి కోసం రెండో ప్రూఫు ఒక్కరే, నోరు మూసుకుని, నెమ్మదిగా చూడాలి. ఈ విడతలో కథలో పడిపోకూడదు. అందుకే కొందరు పాత ప్రూఫురీడర్లు పేజీలు వెనక నుంచి ముందుకు చూసేవారు.

మూడో ప్రూఫులో మేటరు చదవనే కూడదు. దిద్దుబాట్లు జరిగాయో లేదో చూడాలి, దిద్దిన ప్రతిచోటా ఆ పేరా చివరిదాకా చూడాలి. ఒక మాట మారితే కింది లైన్లన్నీ జరుగుతాయి, కొత్త తప్పు అక్కడ పుడుతుంది. తర్వాత శీర్షికలు మాత్రమే. పెద్ద అక్షరాల్లో ఉన్న తప్పు అందరి కన్నూ తప్పించుకుంటుంది, చిన్న అక్షరాల్లో వెతికే అలవాటు వల్ల. తర్వాత విషయసూచికలోని పేజీ నెంబర్లు. ఆ తర్వాత ప్రతి పేజీ చివరి మాటా తర్వాతి పేజీ మొదటి మాటా కలుస్తున్నాయో లేదో. ఈ చివరి పని పావుగంటకు మించి పట్టదు, కానీ ఇది చేయనందువల్ల ఒక పేరా మొత్తం ఎగిరిపోయిన పుస్తకాలు అలమరల్లో ఎన్నో ఉన్నాయి.

వీటన్నిటికన్నా ముందు ఒక ఏ4 కాగితం మీద మాటల పట్టిక రాసుకోవాలి. చేశాడా చేసాడా, ఐదా అయిదా, ఇవాళా ఇవ్వాళా, కంప్యూటరు అనా కంప్యూటర్ అనా, అంకెలు ఎక్కడ, అక్షరాలు ఎక్కడ. ఏది ఒప్పన్న వాదన వద్దు. ఆ పుస్తకంలో ఏది వాడుతున్నామో ఒక్కటి నిర్ణయించి ఆపరేటరుకీ ప్రూఫురీడరుకీ చెరో ప్రతి ఇవ్వాలి. యాస ఉన్న కథలకు ఇది మరీ ముఖ్యం. ఉత్తరాంధ్ర మాటనో తెలంగాణ మాటనో తప్పనుకుని దిద్దేసిన ప్రూఫురీడర్ల వల్ల కథలకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. సంభాషణల్లో చెయ్యి పెట్టొద్దని పట్టిక పైనే రాయాలి.

ప్రూఫులయ్యాక ట్రేసింగ్, అంటే వెలుతురు దూరే కాగితం మీద పేజీల ప్రింటు. దాన్ని ప్లేటు మీద పెట్టి వెలుతురు పడనిస్తే అక్షరాలు ప్లేటుకి దిగుతాయి. ఫిల్ము తీయించే స్తోమత చిన్న ప్రచురణకర్తకి ఉండేది కాదు. లోపలి పేజీలన్నీ లేజర్ ప్రింటర్‌లో ట్రేసింగ్ కాగితం మీదే. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, ఉంటే చాలు. డెమ్మీ 1/8 పేజీలు రెండు ఏ4 ట్రేసింగ్ మీద పక్కపక్కనే పట్టేవి. ప్రింటు అద్దంలో చూసినట్టు తిరగేసి, అంటే మిర్రర్‌లో తీయాలి. కారణముంది. టోనరు ఉన్న వైపు ప్లేటుకి ఆనుకుని ఉండాలి. మామూలుగా తీస్తే టోనరు పై వైపుకి వస్తుంది, అక్షరానికీ ప్లేటుకీ మధ్య కాగితం మందం మిగులుతుంది. వెలుతురు ఆ సందులోంచి అక్షరం అంచుల కిందికి దూరి గీతల్ని తినేస్తుంది. అచ్చులో అక్షరాలు బక్కగా, సన్నని చోట తెగిపోయి కనిపిస్తాయి. టోనరు పాత కాట్రిడ్జ్‌లో నింపినదైతే నలుపు చాలదు, అక్షరాల్లో సూదిమొన బెజ్జాలు పడతాయి. పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే అవి మెరుస్తాయి. అలాంటి పేజీ వెంటనే మళ్లీ తీయించాలి. ట్రేసింగ్ కాగితాన్ని ఒక్కొక్కటిగానే పెట్టాలి, కట్టగా పెడితే వేడికి ముడుచుకుని ఇరుక్కుంటుంది.

చివరి నిమిషంలో తప్పు దొరికితే పేజీ మొత్తం మళ్లీ తీయకుండా ఆ లైను ఒక్కటే తీసి, కోసి అతికించేవారు. వెంట్రుకవాసి ఒరిగినా అచ్చులో తెలిసిపోతుంది. ఆ అతుకు ఊడి ఎక్కడో పడిపోతే అక్కడ లైను ఉండదు. పూర్తి పేజీ తీయించుకోవడమే మేలు. ఆ కొద్ది డబ్బుకి ఆశపడకూడదు.

పేస్టింగ్ చేసేవాళ్ల బల్ల మీద అద్దం, దాని కింద ట్యూబులైట్లు. పైన పారదర్శకమైన ఆస్ట్రలాన్ షీటు, దాని మీద ఎనిమిది పేజీలు వాటి వాటి స్థానాల్లో. ఫారానికి ఇలాంటివి రెండు, ముందువైపుకి ఒకటి, వెనకవైపుకి ఒకటి. ముందువైపు పై వరసలో 5, 12, 9, 8 తలకిందులుగా, కింది వరసలో 4, 13, 16, 1. వెనకవైపు పై వరసలో 7, 10, 11, 6, కింద 2, 15, 14, 3. జతగా పక్కపక్కన ఉన్న ఏ రెండు పేజీలు కూడినా 17 రావాలి. రెండో ఫారంలో 17 నుంచి 32 దాకా, కూడితే 49. అనుభవమున్నవాళ్లు పేజీల్ని అతికించగానే పెదాలు కదుపుతూ ఈ కూడికే చేసేవారు. ఎంత అనుభవమున్నా ఎదురుగా డమ్మీ ఉండాలి. ఒక కాగితాన్ని మూడుసార్లు మడిచి, కోయకుండానే మూలలు ఎత్తి 1 నుంచి 16 దాకా అంకెలు వేసి విప్పితే ఏ పేజీ ఎక్కడ, ఏది తలకిందులో అదే చెబుతుంది. మడత పద్ధతి బైండరుని బట్టి మారుతుంది కాబట్టి డమ్మీ బైండరు చేతే మడిపించాలి.

ఏ పుస్తకానికైనా చివర ఎనిమిది పేజీల అర ఫారం మిగిలితే దానికి ఒక్క ప్లేటు చాలు. ఎనిమిది పేజీలనూ ఒకే ప్లేటు మీద వేసి, 500 షీట్లు ఒకవైపు కొట్టి, కాగితాన్ని పక్కకి తిప్పి అదే ప్లేటుతో రెండోవైపు కొట్టి, మధ్యకి కోస్తే వెయ్యి అర ఫారాలు. ఖర్చు తగ్గించే పద్ధతుల్లో ఇంతకన్నా శుభ్రమైనది లేదు.

ప్లేటు దగ్గర చూడాల్సినవి రెండే. ట్రేసింగ్‌నీ ప్లేటునీ అంటిపెట్టి ఉంచే వాక్యూమ్ సరిగా పట్టకపోతే ప్లేటు మధ్యలో ఒక మసక మచ్చ ఏర్పడి అక్కడి అక్షరాలు ఉబ్బినట్టో అరిగినట్టో వస్తాయి. ట్రేసింగ్ కోసిన అంచులు, సెలోటేపు అంచులు ప్లేటు మీద గీతలుగా దిగుతాయి. వాటిని మందుతో తుడవాలి. తుడిచేటప్పుడు పక్కనున్న పేజీ నెంబరు పోకుండా చూడాలి. పేజీ నెంబరు లేని పేజీ కనిపిస్తే చాలావరకు అక్కడ జరిగింది అదే.

మిషన్ మీద నీళ్లకీ సిరాకీ మధ్య తూకమే అంతా. హైడెల్‌బర్గ్ అయినా డామినెంట్ అయినా నీళ్లెక్కువైతే నలుపు బూడిదరంగులోకి దిగుతుంది, తక్కువైతే తెల్లని అంచుల్లో మురికి పడుతుంది. మొదటి మంచి షీటు వచ్చినప్పుడు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. ముందువైపు లైను మీద వెనకవైపు లైను సరిగ్గా కూర్చోవాలి. 60 జీఎస్ఎం కాగితంలో ఇది తప్పితే లైన్ల మధ్య తెల్లని చోటులో వెనక పేజీ నీడ కనిపిస్తుంది, పేజీ అంతా మసకబారినట్టు ఉంటుంది. ఆ షీటు మీద ప్రచురణకర్త సంతకం పెట్టి మిషన్ పక్కన ఉంచితే అప్పట్నుంచి ఆ నలుపే కొలత. మొదటి ఫారంలో ఉన్న నలుపు పదో ఫారంలోనూ ఉండాలంటే ఇది తప్పదు.

అట్ట సంగతి వేరు. నాలుగు రంగుల ఫిల్ములకు హైదరాబాదో మద్రాసో పంపినవాళ్లున్నారు, శివకాశిలో అచ్చు వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. వెన్ను వెడల్పు అంచనాగా చెప్పడమే అట్టల్లో పెద్ద లోపం. 70 జీఎస్ఎం ఆకు మందం సుమారు 0.09 మిల్లీమీటర్లు. 160 పేజీలంటే 80 ఆకులు, 7 మిల్లీమీటర్ల పైచిలుకు. నమ్మకం కుదరకపోతే అదే కాగితం 80 ఆకులు పేర్చి, నొక్కి, స్కేలుతో కొలవాలి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు రంగు అదనంగా వదలాలి. సన్న అట్టకి లామినేషన్ చేస్తే వర్షాకాలంలో పైకి చుట్టుకుంటుంది. 250 జీఎస్ఎంకి తగ్గకూడదు.

బైండింగ్‌లో తప్పులు లెక్కలేనన్ని, దాదాపు అన్నీ వరసకి సంబంధించినవే. ఒక ఫారం లేకపోవడం, ఒకటే రెండుసార్లు పడటం, తలకిందులవడం. దీనికి మందు ప్రెస్సులోనే ఉంది. ప్రతి ఫారం వెన్ను మడత మీద ఒక చిన్న నల్లగుర్తు, ఫారం ఫారానికి కాస్త కిందికి దింపి వేయాలి. ఫారాలన్నీ వరసగా పేర్చి వెన్ను చూస్తే ఆ గుర్తులు మెట్లలా దిగాలి. ఒక మెట్టు తప్పితే ఆ పుస్తకం తప్పు. ఇంత సులువైన తనిఖీ ఇంకోటి లేదు. ఇప్పుడు కొందరు ఎందుకు మానేశారో అర్థం కాదు. దారంతో కుట్టిన పుస్తకం ముప్ఫై ఏళ్లు నిలుస్తుంది. వేడి జిగురుతో అతికించినది జిగురు పాతబడితే ఆకులు రాలుస్తుంది. గ్రంథాలయాలకు వెళ్లే పుస్తకమైతే కుట్టించాల్సిందే.

కాలం లెక్క కూడా ఒకటుంది. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి. ఒకప్పుడు జనవరి ఒకటిన స్వరాజ్ మైదానంలో స్టాళ్లు తెరిచే నాటికి కొత్త పుస్తకం బల్ల మీద ఉండాలని అందరికీ కోరికగా ఉండేది. డిసెంబరులో బైండర్లందరి దగ్గరా డైరీలు, క్యాలెండర్లు గుట్టలు పడి ఉంటాయి. మే, జూన్‌లలో బడి పుస్తకాలు. కాబట్టి మేటరు దసరాకి చేతిలో ఉండాలి, దీపావళికి ప్రూఫులవ్వాలి, నవంబరు చివరికి అచ్చయిపోవాలి. డిసెంబరు ఇరవైన ప్లేట్లు తీయించిన పుస్తకం తడి సిరాతోనే బైండింగ్‌కి వెళుతుంది, ఎదురు పేజీకి మరక దిగుతుంది.

పుస్తకం తయారయ్యాక చేయాల్సిన చిన్న పనులు కూడా చెప్పుకోవాలి. ప్రచురణ వివరాల పేజీలో ముద్రాపకుల పేరు, ప్రచురణకర్త పేరు, చిరునామా, ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల. రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ద్వారా ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, ఉచితంగానే వస్తుంది. 2007 నుంచి అది 13 అంకెలు. 1954 చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమెరాకీ, చట్టం చెప్పిన మిగతా గ్రంథాలయాలకీ సొంత ఖర్చుతో ప్రతులు పంపాలి. చాలామంది పంపరు. పంపిన పుస్తకాలే యాభై ఏళ్ల తర్వాత పరిశోధకులకు దొరుకుతున్నాయి. పోస్టులో పంపాలంటే ఒకప్పుడు కవరు చివర అతికించకుండా, లోపల ఉత్తరం పెట్టకుండా బుక్‌పోస్టు చేసేవారు. చిన్న ప్రచురణకర్తకి ఊళ్లలోని పాఠకుణ్ని కలిపింది ఆ తక్కువ రేటే.

2012లో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6తో, కంప్యూటరు తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లో పేజీలు కట్టడం వీలయింది. మండలి, గిడుగు, ఎన్టీఆర్, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వచ్చాయి. పని తేలికైంది, తప్పుల చోటు మారింది. మాటలో వచ్చే సున్న (ం) బదులు తెలుగు అంకె సున్న (౦) కొట్టేయడం ఇప్పటి జబ్బు. ౦, ం రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, వెతికితే మాట దొరకదు. వాటిని వెతికి మార్చడం ప్రతి ఫైలుకీ మొదటి పని. 'కంప్యూటర్‌లో' అన్నచోట కంటికి కనపడని విడగొట్టే గుర్తు లేకపోతే 'కంప్యూటర్లో' అవుతుంది. వర్డ్‌లోంచి నేరుగా పీడీఎఫ్ చేస్తే నల్లని అక్షరం మూడు రంగుల కలయికగా వెళ్లి, నల్ల ప్లేటు మీద చుక్కచుక్కలుగా దిగుతుంది. భూతద్దం పెట్టి చూస్తే అక్షరం అంచులు రంపంలా ఉంటాయి. నలుపు ఒక్కటే నూటికి నూరు శాతం ఉందో లేదో, ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లోనే ఇమిడి ఉన్నాయో లేదో చూసుకోకుండా ప్లేటుకి ఇవ్వకూడదు. ఇచ్చేముందు ఒక ఫారం పీడీఎఫ్‌ని మామూలు ప్రింటర్ మీద రెండువైపులా తీసి, మడిచి, పేజీలు తిప్పి చూస్తే ట్రేసింగ్ రోజుల్లో నలుగురు చూసిన చూపు ఒక్కరే చూసినట్టవుతుంది.

ఇప్పుడు అత్యవసరమైన పని ఒకటుంది. పాత సీడీల్లో, ఆగిపోయిన హార్డ్‌డిస్కుల్లో వేల తెలుగు పుస్తకాల పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి. ముందు ఆ ఫైళ్లని, అప్పటి ఫాంట్లతో సహా, రెండు చోట్ల నకలు తీయాలి. పేజ్‌మేకర్ పనిచేసే పాత కంప్యూటరు ఒకటి ఎక్కడైనా దొరికితే ఫైలు తెరిచి మేటరు బయటికి తీసి, యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేయాలి. ఏ వెర్షన్ ఫాంటో సరిగా చెప్పకపోతే ఒత్తులు తారుమారవుతాయి. మార్చాక క్ష, ఋ, బు, అరసున్న, అంకెలు, కోట్ గుర్తులు ఉన్నచోట్లన్నీ అచ్చు పుస్తకంతో పోల్చి చూడాలి. ట్రేసింగ్ మీద చివర్లో చేసిన దిద్దుబాట్లు ఫైల్లో ఉండవు, అచ్చు పుస్తకంలోనే ఉంటాయి. కాబట్టి అచ్చుప్రతే మూలం, ఫైలు కాదు. ఫైలు అసలే తెరుచుకోకపోతే పుస్తకం ఒక ప్రతి వెన్ను కోసి, ఆకులు విడదీసి, 600 డీపీఐలో నలుపు తెలుపుగా స్కాన్ చేస్తే పేజీలు ఉన్నవి ఉన్నట్టు మళ్లీ అచ్చుకి పనికొస్తాయి. అందుకు గ్రంథాలయం ముద్రలు, పెన్సిలు గీతలు లేని ప్రతి కావాలి. ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే ప్రచురణకర్తకి కబురు చేయండి. వాళ్ల దగ్గరే ఒక్కోసారి ఒక్క ప్రతి కూడా మిగిలి ఉండదు.